గామా కిరణాల కంటే ఒక రోజు వెనుక దృశ్యకాంతి: ఇది నిజమైన ఆలస్యమేనా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, అనంతపురం
చిత్త నక్షత్రానికి సుమారు 9 డిగ్రీల దూరంలో ఉన్న 3సి 279 అనే బ్లేజార్‌ను (నడిమి కృష్ణబిలం నుంచి జెట్ అనే వేగవంతమైన పదార్థ ధారను మనవైపు చిమ్మే గెలాక్సీని) ఈ ఏప్రిల్‌లో మా కళాశాల మిద్దె మీది 12 అంగుళాల టెలిస్కోపుతో పదకొండు రాత్రులు కొలిచాను. ఫెర్మి ఉపగ్రహం గామా దత్తాంశంతో పోల్చి చూస్తే, గామా పెరిగిన మూడుసార్లూ దృశ్యకాంతి మరుసటి రోజే పెరిగినట్లు కనబడుతోంది. రెండూ ఒకే జెట్ నుంచి వస్తున్నప్పుడు ఈ ఎడం ఎందుకు వస్తుంది?

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కడప
కాంతివేగానికి చేరువగా పరుగెత్తే ఎలక్ట్రాన్లు జెట్‌లోని అయస్కాంత క్షేత్రంలో తిరుగుతూ దృశ్యకాంతిని వెలువరిస్తాయి; అవే ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి గల ఫోటాన్లను (కాంతి కణాలను) ఢీకొని గామా స్థాయికి ఎత్తుతాయి కనుక, రెండూ కలిసి పెరగడమే తరచుగా చూస్తాం. రేడియో తరంగాల సంగతి వేరు. జెట్ మొదట్లోని పదార్థం వాటిని తనలోనే పీల్చుకుంటుంది కాబట్టి అవి వారాలు, నెలలు వెనుకబడవచ్చు. మూడుసార్లూ సరిగ్గా ఒకే రోజు ఎడం వచ్చిందంటే, అమ్మా, ముందు సమయాల లెక్క సరిచూడండి.

జవాబు: ఔత్సాహిక పరిశీలకుడు, కర్నూలు
అధ్యాపకుల వారి మాటే నాదీ. ఫెర్మి సమయాలు సార్వత్రిక కాలమానంలో ఉంటాయి. మనకు 14వ తేదీ తెల్లవారుజామున 2 గంటలంటే అక్కడ ఇంకా 13వ తేదీ రాత్రి 8:30 మాత్రమే. తేదీలు వదిలేసి అన్నింటినీ జూలియన్ దినసంఖ్యలోకి (నెలలు, సంవత్సరాలు లేకుండా రోజులను వరుసగా లెక్కించే సంఖ్యలోకి) మార్చండి. గ్రాఫ్ మీద రోజుకొక సగటు కొలత చుక్కతోనూ సరిపెట్టుకోవద్దు: 2015 జూన్ 16న ఇదే బ్లేజార్ గామా ప్రకాశం 5 నిమిషాల లోపే రెట్టింపైంది.

ప్రశ్నించినవారు
అయ్యగార్లకు ధన్యవాదాలు. అర్ధరాత్రి దాటాక తీసిన చిత్రాలకు లాప్‌టాప్ చూపిన తేదీలనే వేశాను. సరిచేయగానే రెండుచోట్ల ఎడం పోయింది. మూడోసారి మాత్రం గామా పెరిగినా దృశ్యకాంతి మూడు రాత్రులూ కదలనే లేదు. గ్రాఫ్‌లోని ఆ కొలతల చుక్కలను తీసివేయాలా?

జవాబు: అధ్యాపకుడు, కడప
తీసివేయవద్దు, నాకు అన్నింటికంటే విలువైనవి అవే. జెట్ బయటి మేఘాల నుంచి వచ్చే ఫోటాన్లు పెరిగితే, ఎలక్ట్రాన్లు మారకుండానే గామా ఒక్కటే పెరగగలదు. 2002లో 1ఈఎస్ 1959+650 అనే బ్లేజార్‌లో ఎక్స్-కిరణాల తోడు లేకుండానే అత్యధిక శక్తి గామా ఎగసింది. అయితే మీరు టెలిస్కోపు మూసిన తర్వాత, పగటివేళ, దృశ్యకాంతి పెరిగి తగ్గి ఉండవచ్చు. ఆ గంటల్లో రాత్రి ఉన్న దేశాల వారి కొలతలు చూడనిదే ఏమీ తేల్చలేం.

జవాబు: కర్నూలు
మీరు పోలికకు వాడిన నక్షత్రాల పట్టిక, ఫిల్టర్ వివరం పంపండి. ఆ మూడు రాత్రుల్లో రెండింటికి నా దగ్గర కూడా చిత్రాలున్నాయి, అవే నక్షత్రాలతో కొలిచి ఇక్కడే పెడతాను.