పాత కలప సామాను బాగుచేసి అమ్మే దంపతుల చర్చ: పని ఎక్కడ ఆపాలి, శ్రమకు ఎంత వెల కట్టాలి?

గట్టుమీది ఇల్లు, రాజమహేంద్రవరం:

అందరికీ నమస్కారం. నేనూ మావారూ ఆరేళ్లుగా పాత కలప సామాను కొని, బాగుచేసి, అమ్ముకుంటున్నాం. కోనసీమలో మండువా ఇళ్లు విప్పేటప్పుడు పందిరి మంచాలు, భోషాణాలు, పడక కుర్చీలు బయటపడతాయి. కొన్ని నేరుగా ఆ ఇళ్ల నుంచి, మరికొన్ని పాత కలప అడితుల నుంచి మాకు వస్తాయి. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల కలపను తెప్పలుగా కట్టి గోదావరి మీదుగా మా ఊరికి దించేవారు కాబట్టి, ఇక్కడి పాత ఇళ్లలో చేవగల టేకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఇంటి వెనుక రేకుల షెడ్డే మా పనిచోటు. కీళ్లు విప్పి బిగించడం, విరిగిన కాలికి అతుకు వేయడం ఆయన పని. పాత మెరుగు తీయడం, లక్క పాలిష్ పట్టడం, పేము అల్లడం నా పని.

ఈ చర్చ ఎందుకు మొదలుపెడుతున్నానంటే, పోయిన నెలలో ఒక పందిరి మంచం అమ్మాం. 18,000 పెట్టి కొన్నాం, 42,000కు అమ్మాం. మంచి లాభమే వచ్చిందని ఇద్దరం సంతోషపడ్డాం. ఈసారి ఎందుకో నేను ప్రతిరోజూ చేసిన పనిని నోటు పుస్తకంలో రాసిపెట్టాను. వ్యాను బాడుగ 2,600, లక్క, స్పిరిట్, ఉప్పు కాగితం, ఇత్తడి బిళ్లలకు 4,100 పోగా మిగిలినది 17,300 రూపాయలు. ఆ మంచం మీద మేమిద్దరం 19 రోజులు పనిచేశాం. అంటే ఒక్కొక్కరికి రోజుకు 455 రూపాయలు గిట్టాయి. మా వీధిలో ఏ మేస్త్రీ ఆ కూలికి రాడు. ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

రెండో సంగతి కూడా దీనితో ముడిపడినదే. ఇప్పుడు షెడ్డులో ఒక భోషాణం ఉంది. దాని అడుగు నుంచి జానెడు ఎత్తున చుట్టూ ఒక నల్లని చార ఉంది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదలో ఇంట్లో నీళ్లు ఎంతవరకు నిలిచాయో ఆ చారే చెబుతుందని ఆ ఇంటి పెద్దావిడ నా చేయి పట్టుకుని మరీ చూపించారు. దాన్ని తీసేసి పెట్టెను కొత్తదానిలా చేయాలని మావారు అంటున్నారు. ఉంచాలని నేనంటున్నాను. ఆ చార తీయడానికే నాలుగు రోజులు పడుతుంది. ఇదే పని చేసుకునే దంపతులు మీలో ఎవరైనా ఉంటే, ఎక్కడ ఆపుతున్నారో, మీ చేతి పనికి ధర ఎలా కడుతున్నారో దయచేసి చెప్పండి.

జుమేరాత్ బేరం, హైదరాబాద్:

అమ్మా, మీ లెక్క చదివి మా మొదటి మూడేళ్లు గుర్తొచ్చాయి. మేం గురువారం జుమేరాత్ బజారులోనూ, ఆదివారం ఎర్రగడ్డ సంతలోనూ కొంటాం. మాకు నష్టం వచ్చిన ప్రతిసారీ అది కొన్న రోజునే వచ్చిందని, అమ్మిన రోజున కేవలం బయటపడిందని ఆలస్యంగా తెలుసుకున్నాం. అందుకే ఇప్పుడు వెనక నుంచి ముందుకు లెక్క కడుతున్నాం. ఉదాహరణకు ఒక టేకు టీపాయ్ మా దగ్గర 9,000కు పోతుందనుకుందాం. దాని మీద ఇద్దరికీ రెండేసి రోజుల పని ఉంటే నాలుగు కూలీలు, కూలికి 1,000 చొప్పున 4,000. సరుకు 700, ఆటో 500. మిగిలేది 3,800. కాబట్టి కొంత వెసులుబాటు ఉంచుకుని మేం 3,000 దాటి అడగం. అమ్మేవాడు 3,500 దగ్గర నిలబడితే వదిలేసి వస్తాం. మన ఇంటి మనుషులే కదా అని కూలి లెక్కలో వేసుకోకపోవడం వల్లనే మంచి సామాను మీద ఆశపడి ఎక్కువ పెట్టేస్తాం. మీ మంచాన్ని ఈ పద్ధతిలో చూస్తే 38 కూలీలకు 38,000, బాడుగకూ సరుకుకూ 6,700, మొత్తం 44,700 కావాలి. అంటే ఊరికే ఇచ్చినా ఆ ధరకు అది గిట్టేది కాదు.

కొనేటప్పుడు మేమిద్దరం పని పంచుకుంటాం. నేను బేరం ఆడుతుంటే మా ఆవిడ వస్తువును తిరగేసి అడుగు చూస్తుంది. ముందు భాగం ఎవరైనా మెరిపించగలరు, అడుగున మాత్రం అబద్ధం ఉండదు. రంపం గీతలు, చెక్క కోసిన చివర కనిపించే వలయాలు, పొర అతికించిన ప్లైవుడ్ అంచు, కొత్త మేకులు అన్నీ అక్కడే తెలుస్తాయి. చిన్న రంధ్రాల కింద పిండిలా తాజా పొట్టు రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్లు. పాత రంధ్రాలైతే లోపల మురికిపట్టి నల్లగా ఉంటాయి. ఆమె వస్తువు మీద అరచేయి పెడితే కొనవచ్చని, కొంగు సర్దుకుంటే వద్దని గుర్తు. అమ్మేవాడి ముందు మేం ఎప్పుడూ ఒకరి మాట ఒకరు కాదనుకోం. ఇంటికొచ్చాక ఎంతైనా వాదించుకుంటాం.

మీ అమ్మకాలు పెరిగి జీఎస్టీలో నమోదు కావలసివస్తే ఒక సంగతి అడిగి తెలుసుకోండి. వాడిన వస్తువులు కొని, స్వభావం మారకుండా చిన్నపాటి బాగుచేతతో అమ్మేవారు, కొనుగోలు మీద పన్ను జమ (కొన్నప్పుడు కట్టిన పన్నును మినహాయించుకోవడం) తీసుకోకపోతే, అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా మీదనే పన్ను కట్టే వీలు జీఎస్టీ నియమాల 32(5) నిబంధనలో ఉంది. మాకు ఈ సంగతి తెలియక మొదటి ఏడాది మొత్తం ధర మీద కట్టాం.

ఉలి చప్పుడు, తెనాలి:

నేను వడ్రంగి ఇంట పుట్టాను. మా నాన్నగారి కాలంలో సామాను అతకడానికి వజ్రమే వాడేవారు. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన ఆ బంకను నీళ్లలో నానబెట్టి, గిన్నెలో వేడిచేసి పూసేవారు. ఇప్పటి తెల్ల బంకకూ దానికీ ఒక పెద్ద తేడా ఉంది: వేడినీటి తడి తగిలితే వజ్రం మెత్తబడి కీలు విడిపోతుంది. కాబట్టి పాత కుర్చీ కదులుతుంటే మేకు కొట్టకండి. కీలు మీద వేడినీటిలో ముంచిన గుడ్డ చుట్టి, అరగంట ఆగి, చెక్క సుత్తితో మెల్లగా తడితే కుసి (బెజ్జంలో దిగే చెక్క కొస) బెజ్జంలోంచి చీలకుండా బయటికి వస్తుంది. పాత బంకను పూర్తిగా గోకి, కడిగి, ఆరబెట్టాకే కొత్తది పూయాలి. పాత బంక మీద తెల్ల బంక పట్టదు. ఇలా చేస్తే ఒక కుర్చీకి మీరు రెండు రోజులు పెట్టే చోట ఒక పూటలో పని అవుతుంది, ఆ పని మళ్లీ ముప్పై ఏళ్లు నిలుస్తుంది.

ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. చిత్రిక పట్టడం, అంటే చెక్క పైపొరను గీసేయడం, ఆఖరి మార్గం. పాత బల్ల మీద చిత్రిక పడితే దశాబ్దాలుగా గాలికీ వెలుతురుకూ కలప తెచ్చుకున్న రంగు ఒక్క తోపులో పోతుంది, అది తిరిగి రావడానికి మన జీవితకాలం చాలదు. పాలిష్ తీసేయాలని నిర్ణయించుకునే ముందు ఒక మూల దూదితో కొంచెం స్పిరిట్ అద్ది చూడండి. జిగురుగా కరిగితే అది లక్క. కరగకపోతే తర్వాతి కాలపు వార్నిషో మెలమైనో అయి ఉంటుంది. లక్క అయితే తీయనక్కరలేదు. మురికి తుడిచి, పైన పల్చగా రెండు మూడు పూతలు వేస్తే పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. గ్లాసు పెట్టిన చోట పడ్డ తెల్లని వలయం కూడా స్పిరిట్ బాగా పిండిన గుడ్డతో తేలిగ్గా తుడిస్తే చాలాసార్లు పోతుంది. వాన ముసురులో మాత్రం లక్క పట్టకండి; గాలిలోని తేమ పూతలో చేరి పాలు కలిపినట్లు తెల్లబడుతుంది. మా ఇంట్లో ముసురు రోజులు కీళ్ల పనికి, ఎండ రోజులు మెరుగు పనికి అని పంచుకుంటాం.

ఇంకో మాట, దీన్ని తేలికగా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. ఆ నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు అంటుకుంటుంది. మా పక్క షెడ్డు అలాగే కాలిపోయింది. గుడ్డలను విడివిడిగా తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి మూతపెట్టాలి.

తొట్టి ఊయల, నెల్లూరు:

నేను ఒక్క సంగతి చెప్పడానికే వచ్చాను. మేమిద్దరం ఇంట్లోనే పని మొదలుపెట్టినప్పుడు మా పాపకు పద్నాలుగు నెలలు. ఆకుపచ్చ రంగు వేసిన ఒక పాత ఊయలను నేను వరండాలో పొడిగా ఉప్పు కాగితంతో రుద్దాను. ఆ దుమ్ములో పాప పాకింది. పాత రంగుల్లో సీసం ఉంటుందని నాకు అప్పటికి తెలియదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలైంది, కాబట్టి అంతకు ముందు రంగు వేసిన ఏ వస్తువునైనా సీసం ఉన్నట్లే భావించాలి. డాక్టరు గారు రక్తపరీక్ష చేయించి భయం లేదన్న రోజు వరకు నేను నిద్రపోలేదు. ఇప్పుడు రంగు వేసిన సామానును తడిపి మాత్రమే రుద్దుతాం, మాస్కు కట్టుకుంటాం, దుమ్మును ఊడ్వకుండా తడిగుడ్డతో తుడుస్తాం, ఆ బట్టలతో పాపను ఎత్తుకోం. పిల్లలున్న ఇళ్లలో పని చేసేవారు ధర లెక్కకన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలని నా మనవి.

పురుగు గురించి కూడా ఒక మాట. బోరిక్ యాసిడ్, బోరాక్స్ కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి, కానీ పాలిష్ మీద పూస్తే లోపలికి ఇంకవు. పాలిష్ లేని అడుగు వైపు నుంచి, కాళ్ల చివర నుంచి పూయాలి.

డాబాగార్డెన్స్ దంపతులు, విశాఖపట్నం:

పందిరి మంచాలు, భోషాణాల స్థాయిలో కొనేవారికి చట్టం గురించి తెలిసి ఉండాలి. మా ఊరు 18వ శతాబ్దంలో దంతం పొదిగిన కుర్చీలకు, పెట్టెలకు పేరుపొందింది. ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగుల కోసం ఇక్కడి పనివారు చేసిన ఆ సామాను ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. రెండేళ్ల క్రితం ఒక పాత బంగళా నుంచి అలాంటి చిన్న పెట్టె మా చేతికి వచ్చింది. మావారి చేతులు వణికాయి, అంత అందమైన పని. కానీ ఏనుగు దంతం వ్యాపారాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. మేం కొనలేదు, ఆ ఇంటివారికి చట్టం గురించి చెప్పి, అమ్మవద్దని చెప్పి వచ్చేశాం. అలాగే వందేళ్లకు తగ్గని వయసున్న కళావస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని దేశం దాటించడానికి వ్యక్తులకు వీలులేదు. విదేశాల్లో ఉన్న బంధువులు తాతగారి కాలపు చెక్కడపు మందసం పంపమని అడిగినప్పుడు ముందు దాని వయసు తేల్చుకోవాలి.

ధర విషయంలో మేం నేర్చుకున్నది చిన్నదే. పని మొదలుపెట్టక ముందు, మధ్యలో, చివర తీసిన ఫోటోలు కొనేవారికి చూపిస్తాం. విప్పిన కీలు, తీసిన పాత బంక, కొత్త చీల కళ్లతో చూసినవారు బేరం తక్కువ ఆడుతున్నారు.

గట్టుమీది ఇల్లు, రాజమహేంద్రవరం:

నేను ఈ చర్చ మొదలుపెట్టినావిడ భర్తను. మీ అందరి మాటలూ రాత్రి ఇద్దరం కలిసి చదివాం. హైదరాబాద్ అన్నగారి పద్ధతిలో పోయిన ఏడాది అమ్మిన 31 వస్తువులకూ తిరిగి లెక్క కట్టాం. రోజులు గుర్తున్నంతవరకే కట్టినా ఒక సంగతి స్పష్టంగా తేలింది. మా ఇద్దరి కూలి గిట్టినవన్నీ పేము కుర్చీలు, పడక కుర్చీలు, చిన్న అలమరలే. నేను గర్వంగా చెప్పుకునే మంచాలూ పెద్ద బీరువాలూ ఒక్కటి కూడా గిట్టలేదు. ఇన్నాళ్లూ ఆ పేము అల్లికను నేను పక్క పనిగానే చూశాను. పేము నానబెట్టి, మూడు దిక్కులా లాగి, ఆరాక బిగుసుకునేలా ఆమె అల్లిన కుర్చీలే ఈ ఇంటిని నడిపించాయని కాగితం మీద చూశాక నాకు అర్థమైంది. ఆ మాట ఆమెతో చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను.

భోషాణం గురించి. ఇనుప బద్దీ తడిసి టేకుతో కలిసినందువల్ల ఏర్పడ్డ నలుపు అది. ఆక్జాలిక్ యాసిడ్ నీళ్లతో తీయవచ్చని నాకు తెలుసు, చేతి తొడుగులు కూడా తెచ్చిపెట్టుకున్నాను. కానీ తెనాలి వారి మాట ప్రకారం మూత మీద స్పిరిట్ అద్ది చూస్తే లక్క కరిగింది. అంటే లోపల పాత పూత బాగానే ఉంది. కాబట్టి చిత్రిక పట్టడం లేదు, చార తీయడం లేదు. వదులైన మూత బందులు బిగించి, అడుగున పురుగు మందు పూసి, పైన రెండు పూతలు వేస్తాం. నాలుగు రోజుల పని ఒకటిన్నర రోజుకు దిగింది. ఆ ఒకటిన్నర రోజుకు ఇద్దరి కూలీ పుస్తకంలో ముందే రాశాం.

ఇక్కడ నుంచి ఆమె రాస్తోంది: ముసురు తగ్గాక పూత వేసి, అమ్మిన ధరతో సహా లెక్క ఇక్కడే పెడతాను. ఆ పెద్దావిడ మనవడికి ఫోను చేసి వరద చార ఉంచుతున్నామని చెప్పాను. వాళ్ల నాయనమ్మ నీళ్లలో ఆ పెట్టె మీదే కూర్చుని రాత్రంతా గడిపారని అప్పుడు చెప్పాడు. కొనేవారికి ఇవ్వడానికి ఆ సంగతి ఒక కాగితం మీద రాయించి మూత లోపలి జేబులో పెట్టాను.