మ్యూనిక్ నుంచి సాల్జ్‌బుర్గ్‌కి ఒక్కరోజు ట్రిప్: ఆరుగురికి టికెట్లు, కాగితాలు ఎలా?

గార్చింగ్_ఎంఎస్:

అందరికీ నమస్తే. మే నెలలో ఒక శనివారం ఆరుగురం మ్యూనిక్ నుంచి సాల్జ్‌బుర్గ్ వెళ్లి రాత్రికి తిరిగి రావాలనుకుంటున్నాం. నలుగురి దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా రీజినల్ రైళ్లకు చెల్లే నెలవారీ పాస్) ఉంది, ఇద్దరి దగ్గర లేదు. నలుగురికి రెసిడెన్స్ పర్మిట్ కార్డు వచ్చేసింది. ఒకమ్మాయి ఈ సెమిస్టర్‌కే వచ్చింది. ఆమె పాస్‌పోర్టులో డి వీసా (దీర్ఘకాల వీసా) స్టిక్కర్ మాత్రమే ఉంది, దాని మీద డాయిచ్‌లాండ్ (జర్మనీ) అని రాసి ఉంది. ఇంకొకతని కార్డు గడువు అయిపోయింది, ఏబీహెచ్ (విదేశీయుల కార్యాలయం) వాళ్లు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (కొత్త కార్డు వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక కాగితం) ఇచ్చారు. వీళ్లిద్దరూ రావచ్చా? టికెట్లు ఎలా తీసుకుంటే తక్కువలో అవుతుంది? కోట, హెల్‌బ్రున్ ప్యాలెస్, ఉంటర్స్‌బెర్గ్ కొండ మూడూ ఒక్కరోజులో చూడగలమా? ఇద్దరు పూర్తి శాకాహారులు.

బవేరియా_పాతకాపు:

ముందు కాగితాల సంగతి తేల్చుకోండి. ఊరు చూడటం తర్వాత.

సాల్జ్‌బుర్గ్ ఆస్ట్రియాలో ఉంది. ఆస్ట్రియా కూడా జర్మనీలాగే షెంగెన్‌లోనే (మామూలుగా సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే యూరప్ దేశాల కూటమి) ఉంది కాబట్టి స్టాంపులు ఉండవు. అలాగని తనిఖీ ఉండదనుకోవద్దు. జర్మనీ 2015 సెప్టెంబరు నుంచి ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు చేస్తూనే ఉంది, 2024 సెప్టెంబరు నుంచి అన్ని భూసరిహద్దుల్లోనూ మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు చాలాసార్లు ఎవరూ అడగరు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం జర్మనీ వైపు సరిహద్దు ఊరు ఫ్రైలాసింగ్ స్టేషన్‌లో పోలీసులు ఎక్కి, బోగీ బోగీ తిరుగుతూ చూస్తారు. అక్కడ ఫోన్‌లో ఫోటో చూపిస్తే చెల్లదు. ఒరిజినల్ పాస్‌పోర్టు, ఒరిజినల్ కార్డు రెండూ చేతిలో ఉండాలి. కార్డు మీద "త్సుజాట్స్‌బ్లాట్ (అదనపు పత్రం) చూడండి" అని ఉంటే ఆ పచ్చ కాగితం కూడా పాస్‌పోర్టులోనే పెట్టుకోండి.

కార్డు ఉన్న నలుగురికి ఏ ఇబ్బందీ లేదు. ఏ 180 రోజుల్లోనైనా మిగతా షెంగెన్ దేశాల్లో 90 రోజుల వరకు తిరగొచ్చు.

డి వీసా అమ్మాయి కూడా రావచ్చు. స్టిక్కర్ మీద డాయిచ్‌లాండ్ అని ఉండటం చూసి చాలామంది భయపడి ఆగిపోతారు, ఆ భయం అక్కర్లేదు. 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఈయూ నిబంధన ప్రకారం, ఒక షెంగెన్ దేశం ఇచ్చిన డి వీసా ఉన్నవాళ్లకు కూడా ఇదే 90/180 లెక్క వర్తిస్తుంది. వీసా మీద ఉన్న "నుంచి, వరకు" తేదీల మధ్య ట్రిప్ రోజు పడుతుందో లేదో ఒక్కటి చూసుకుంటే చాలు.

అసలు చిక్కు ఫిక్షన్ కాగితంతోనే. లోపల మూడు గడులు ఉంటాయి, ఏ గడిలో టిక్ ఉందో చూడండి. మూడో గడిలో, అంటే జర్మనీ నివాస చట్టం 81వ సెక్షన్ 4వ పేరా దగ్గర ఉంటే పాత పర్మిట్ కొనసాగుతున్నట్టే లెక్క. పాస్‌పోర్టు, గడువు తీరిన పాత కార్డు, ఈ కాగితం మూడూ కలిపి చూపిస్తే జర్మనీలోకి తిరిగి రావచ్చు. మొదటి రెండు గడుల్లో ఏది టిక్ అయి ఉన్నా సరిహద్దు దాటొద్దు, ఆ కాగితంతో తిరిగి రానివ్వరు. మూడో గడి ఉన్నా, ఏబీహెచ్‌కి మెయిల్ పెట్టి, ఆస్ట్రియాలో ఒక పూట ఉండొచ్చా అని అడిగి, జవాబు ప్రింట్ తీసుకున్నాకే బయల్దేరమనండి. జవాబు రాకపోతే అతను ఆగిపోవడమే మేలు. ఒక్క శనివారం కోసం చదువును పణంగా పెట్టే పని కాదిది.

అతన్ని వదిలి వెళ్లడం ఇష్టం లేకపోతే అదే రైలు దారిలో ప్రీన్ అమ్ కీమ్‌జే ఉంది. సరస్సు మధ్య దీవిలో రెండో లుడ్విగ్ రాజు 1878లో మొదలుపెట్టిన హెరెన్‌కీమ్‌జే ప్యాలెస్ ఉంటుంది. అంతా జర్మనీలోనే. పడవకి మాత్రం వేరే టికెట్ తీసుకోవాలి.

ఇంకో మాట. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్ల కార్డు వెనకవైపు యూరోపియన్ కార్డు ఉంటుంది, ఆస్ట్రియాలో అత్యవసర వైద్యానికి అది పనికొస్తుంది. ప్రైవేటు బీమా ఉన్నవాళ్లు తమ పాలసీ జర్మనీ బయట పనిచేస్తుందో లేదో చూసుకోవాలి.

ప్లాట్‌ఫాం_పదకొండు:

టికెట్ల సంగతి నేను చెప్తాను.

డాయిచ్‌లాండ్ టికెట్, బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రానికి ఒకరోజు టికెట్) రెండూ సాల్జ్‌బుర్గ్ హౌప్ట్‌బాన్‌హోఫ్ (ప్రధాన స్టేషన్) దాకా చెల్లుతాయి. సరిహద్దు దగ్గర విడిగా ఇంకో టికెట్ కొనక్కర్లేదు. కాబట్టి ఆరుగురికీ కలిపి ఏమీ తీసుకోకండి. టికెట్ లేని ఇద్దరికి మాత్రం, ఇద్దరి లెక్కన ఒక బయర్న్ టికెట్ తీసుకోండి. దాని ధర మనుషుల సంఖ్యను బట్టి పెరుగుతుంది, ఐదుగురి వరకే ఒక టికెట్. ఇద్దరి పేర్లూ టికెట్ మీద ఉండాలి. రైల్వే యాప్‌లో కొంటే పేర్లు అడుగుతుంది, మెషిన్‌లో కొంటే పెన్నుతో రాయాలి. పేర్లు రాయని టికెట్ చెల్లదు.

శనివారం కాబట్టి అర్ధరాత్రి నుంచి మర్నాడు తెల్లవారుజామున 3 దాకా చెల్లుతుంది. మామూలు రోజుల్లో ఉదయం 9కి ముందు ఎక్కితే చెల్లదు. శుక్రవారానికి మార్చుకునేటట్టయితే ఇది గుర్తుంచుకోండి.

ఎక్కువమంది దొరికిపోయేది రైలు ఎంచుకోవడంలో. మ్యాప్‌లో చూస్తే ఈసీ, రైల్‌జెట్ అనే ఎక్స్‌ప్రెస్ రైళ్లు గంటన్నరలో చేరుస్తాయని కనిపిస్తుంది. ఈ రెండు టికెట్లూ వాటిలో చెల్లవు. పట్టుకుంటే జరిమానా కనీసం 60 యూరోలు. మీరు ఎక్కాల్సింది బీఆర్‌బీ కంపెనీ వాళ్ల రీజినల్ రైలు. రోజెన్‌హైమ్, ట్రౌన్‌స్టైన్, ఫ్రైలాసింగ్ మీదుగా దాదాపు రెండు గంటలు పడుతుంది. యాప్‌లో "రీజినల్ రైళ్లు మాత్రమే" అనే మీట నొక్కి వెతకండి.

శనివారం పొద్దున ఈ రైలు కొండలకు పోయేవాళ్లతో కిక్కిరిసి ఉంటుంది. మ్యూనిక్ తూర్పు స్టేషన్ ఓస్ట్‌బాన్‌హోఫ్‌లో ఎక్కితే ఆరుగురికి ఒకచోట సీట్లు దొరకవు. మ్యూనిక్ హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి ఇరవై నిమిషాల ముందే వచ్చి ఎక్కండి. ముందురోజు రాత్రి యాప్‌లో ఆ రైలు మళ్లీ చూడండి. పట్టాల పని ఉంటే మధ్యలో కొంత దూరం బస్సు వేస్తారు, దానితో గంట ఆలస్యం మామూలే.

సాల్జ్‌బుర్గ్ దిగాక సిటీ బస్సుల్లో ఈ రెండు టికెట్లూ పనిచేయవు. బస్సు టికెట్ డ్రైవర్ దగ్గర కంటే మెషిన్‌లోనో, ట్రాఫిక్ అని బోర్డు ఉండే పొగాకు కొట్లోనో చవక.

సాల్జాక్_గట్టు:

మూడూ ఒక్కరోజులో పెట్టుకుంటే మిగిలేది బస్సు కిటికీలోంచి చూసిన ఊరే. కోటతో పాటు హెల్‌బ్రున్, ఉంటర్స్‌బెర్గ్‌లలో ఏదో ఒకటి చాలు. మే నెలలో నా ఓటు హెల్‌బ్రున్‌కే. ఉంటర్స్‌బెర్గ్ కేబుల్ కార్ పై స్టేషన్ 1,776 మీటర్ల ఎత్తులో ఉంది. మేలో కూడా పైన మంచు ఉండొచ్చు, క్యాన్వాస్ బూట్లతో జారిపోతారు. మబ్బు పట్టిందంటే డబ్బులు పెట్టి తెల్లటి గోడ చూసినట్టే.

స్టేషన్ నుంచి రైనర్‌స్ట్రాసె పట్టుకుని నడిస్తే పావుగంటలో మిరాబెల్ తోట వస్తుంది, ప్రవేశం ఉచితం. అక్కడి నుంచి మకార్ట్‌ప్లాట్జ్ మీదుగా, తాళాలు వేలాడే మకార్ట్‌స్టెగ్ నడక వంతెన దాటితే పాత ఊరు. గెట్రైడెగాసె 9లో 1756 జనవరి 27న మొజార్ట్ పుట్టిన ఇల్లు ఉంది. ఆ సందు పదిన్నరకల్లా టూర్ గుంపులతో నిండిపోతుంది, వీలైతే ముందే దాటేయండి. లోపల మ్యూజియం సంగీతం మీద ఇష్టం ఉన్నవాళ్లకే. మిగతావాళ్లు పసుపురంగు గోడ ముందు ఫోటో దిగి ముందుకు పోవచ్చు.

కోట 1077లో గెబ్‌హార్డ్ ఆర్చ్‌బిషప్ మొదలుపెట్టింది. కాపిటెల్‌ప్లాట్జ్‌లో పెద్ద బంగారు గోళం కనిపిస్తుంది, దాని వెనక నుంచే ఎక్కే దారి. నడిచి ఎక్కితే ఇరవై నిమిషాలు, బాగా ఏటవాలు. 1892 నుంచి నడుస్తున్న తాడు రైలు కూడా ఉంది. నడిచి వెళ్లినా పైన ప్రవేశ టికెట్ కొనాల్సిందే. డబ్బులు వద్దనుకుంటే టోస్కానినిహోఫ్ మెట్ల మీదుగా మోన్ష్‌బెర్గ్ గుట్ట ఎక్కండి. ఊరు, నది, కోట మూడూ ఒకేచోటి నుంచి కనిపిస్తాయి, పైసా ఖర్చు లేదు.

హెల్‌బ్రున్‌కి 25వ నంబరు బస్సు, స్టేషన్ నుంచి దాదాపు అరగంట. 1610ల్లో మార్కుస్ సిట్టికుస్ ఆర్చ్‌బిషప్ అతిథులను ఆటపట్టించడానికి కట్టించిన నీటి ఫౌంటెన్లు అక్కడ ఉన్నాయి. ఆరుబయట రాతి బల్ల, చుట్టూ రాతి ముక్కాలిపీటలు ఉంటాయి. ప్రతి పీట మధ్యలో చిన్న రంధ్రం, అందులోంచి నీళ్లు చిమ్ముతాయి. ఆర్చ్‌బిషప్ కూర్చునే పీటకి మాత్రం రంధ్రం లేదు. దారి పొడవునా గోడల్లోంచి, నేలలోంచి కూడా నీళ్లు పడతాయి. అందుకే ఆ పాస్‌పోర్టులన్నీ జిప్ కవర్లో వేసుకోండి. తడిసిన పాస్‌పోర్టుతో ఫ్రైలాసింగ్‌లో నిలబడటం బాగుండదు.

24 గంటలకి సాల్జ్‌బుర్గ్ కార్డు అని ఒకటి అమ్ముతారు. బస్సులు, తాడు రైలు, కోట, హెల్‌బ్రున్, మొజార్ట్ ఇల్లు అన్నీ అందులోనే. కోట, హెల్‌బ్రున్, బస్సు వరకే అయితే విడిగా కొన్నా పెద్ద తేడా ఉండదు, మొజార్ట్ ఇల్లు కలిస్తే కార్డే లాభం. ఉంటర్స్‌బెర్గ్ వెళ్లేవాళ్లు ఆలోచించక్కర్లేదు, కేబుల్ కార్ రానుపోను ఒక్కటే దాదాపు కార్డు ధర అంత ఉంటుంది.

తిండి మాట: పాత ఊళ్లో శాకాహారులకి దొరికేవి తక్కువ, ధర ఎక్కువ. పులిహోర, చపాతీలు కట్టుకు రండి, మిరాబెల్ బెంచీల మీద తినొచ్చు. నీళ్ల సీసా ఖాళీగా తెచ్చుకోండి, కుళాయి నీళ్లు కొండ నుంచి వచ్చేవే, చాలా బాగుంటాయి. ఈ ఊళ్లో ముసురు పట్టిందంటే రోజంతా వదలదు, గొడుగు కంటే టోపీ ఉన్న రెయిన్‌కోటు నయం.

గార్చింగ్_ఎంఎస్:

చాలా థ్యాంక్స్ అండీ. మా వాడి కాగితం మీద మూడో గడిలోనే టిక్ ఉంది, ఏబీహెచ్‌కి ఈరోజే మెయిల్ పెట్టాడు. జవాబు రాకపోతే అందరం ప్రీన్‌లో దిగిపోతాం. తిరుగు రైలు ఎన్నింటికి పెట్టుకోవాలి? అక్కడ కొన్న కూల్‌డ్రింక్ సీసాలు మ్యూనిక్‌లో వెనక్కి ఇవ్వొచ్చా?

ప్లాట్‌ఫాం_పదకొండు:

ఇవ్వలేరు. ఆస్ట్రియాలో 2025 జనవరి నుంచి ప్లాస్టిక్ సీసాకి, డబ్బాకి 25 సెంట్ల డిపాజిట్ ఉంది, కానీ వాళ్ల గుర్తు వేరు. జర్మనీ మెషిన్ తీసుకోదు, మన సీసాలు అక్కడా తీసుకోదు. స్టేషన్‌లోనే ఉన్న స్పార్ సూపర్‌మార్కెట్‌లో ఇచ్చేసి రైలెక్కండి.

తిరుగు ప్రయాణానికి ఏడు, ఎనిమిది మధ్య రైలు పెట్టుకోండి. చివరి రైలు మీద ఆధారపడొద్దు. ఫ్రైలాసింగ్ తనిఖీలో రైలు ఆగిపోతే మ్యూనిక్‌లో గార్చింగ్ వైపు యూ6 మెట్రో అందుకోవడం కష్టమవుతుంది. ఆరుగురూ ఒకే బోగీలో కూర్చోండి, ఫిక్షన్ కాగితం ఉన్నతను మెయిల్ ప్రింట్‌ని పాస్‌పోర్టులో పెట్టుకుని, అడిగినప్పుడు మూడు కాగితాలూ ఒకేసారి ఇవ్వాలి.