మూడు చారలపై అడిడాస్‌కు ఉన్న హక్కు ఎంతవరకు?

ప్రశ్న:
అడిడాస్ మూడు చారల ట్రేడ్‌మార్కును ఐరోపా న్యాయస్థానం 2019లో చెల్లదని చెప్పినట్టు చదివాను. అయినా ఆ సంస్థ అవే చారలతో బూట్లు అమ్ముతోంది, ఇతరులపై దావాలు కూడా వేస్తోంది. ఇదెలా సాధ్యం? అసలు ఆ చారలు మొదట ఎవరివి?

మొదటి జవాబు:
ఆడి డాస్లర్ 1949లో జర్మనీలో అడిడాస్‌ను నమోదు చేశారు. అప్పట్లో ఫిన్లాండ్‌కు చెందిన కార్హు సంస్థ కూడా తన క్రీడా బూట్లపై మూడు చారలు వేసేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్ తరువాత ఆ గుర్తును, నేటి లెక్కలో సుమారు 1,600 యూరోలకూ రెండు సీసాల విస్కీకీ, అడిడాస్‌కు అమ్మేశామని కార్హు వారే చెబుతారు.

రెండవ జవాబు:
2019 జూన్ 19న ఐరోపా జనరల్ కోర్టు కొట్టివేసింది ఒక్క నమోదును మాత్రమే. సమాన వెడల్పుతో, సమాన దూరంలో ఉండే మూడు సమాంతర చారలను వస్తువుపై ఏ దిశలోనైనా వాడుకునే హక్కును అడిడాస్ 2014లో నమోదు చేయించుకోగా, బెల్జియంకు చెందిన షూ బ్రాండింగ్ యూరప్ అనే సంస్థ దానిని సవాలు చేసింది. అంత సాదా గుర్తుకు రక్షణ కావాలంటే, అది ఐరోపా సమాఖ్య అంతటా వాడకం ద్వారానే గుర్తింపు పొందిందని నిరూపించాలి. అడిడాస్ చూపిన ఆధారాలలో చాలా వరకు నల్లని నేపథ్యంపై తెల్లని చారలు ఉన్నవి, అంటే రంగుల విషయంలో నమోదైన రూపానికి తలకిందులైనవి. మిగిలిన వాటిలో పనికివచ్చినవి ఐదు దేశాలకే పరిమితమయ్యాయి. ఈ తీర్పు నాకు సబబుగానే తోస్తుంది, ఎందుకంటే ఎక్కడ, ఎలా అన్న హద్దు లేకుండా మూడు గీతలను ఒకే సంస్థకు అప్పగిస్తే మిగిలిన తయారీదారులకు అన్యాయం జరుగుతుంది. బూటు పక్కన వాలుగా ఉండే చారల వంటి ఇతర నమోదులను ఈ తీర్పు తాకలేదు. మీ సందేహానికి సమాధానం అదే.

మూడవ జవాబు:
పై జవాబుకు ఒక విషయం చేర్చాలి. అదే షూ బ్రాండింగ్ యూరప్ బూట్లపై రెండు చారల గుర్తును నమోదు చేయించుకోబోతే, అది అడిడాస్ పేరు ప్రతిష్ఠలను అనుచితంగా వాడుకోవడమవుతుందని అదే కోర్టు 2018లో అడ్డుకుంది. అమెరికాలో మాత్రం నాలుగు చారలు వాడిన థామ్ బ్రౌన్ అనే ఫ్యాషన్ దుస్తుల సంస్థపై వేసిన దావాలో 2023 జనవరిలో జ్యూరీ అడిడాస్‌కు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. అందువల్ల చారల సంఖ్యను బట్టి గెలుపోటములను ఊహించలేము. ఏ వస్తువుపై, ఏ రూపంలో, ఏ కొనుగోలుదారుల ముందు ఉన్నాయన్నదే ప్రతి కేసులోనూ చూడాలి.