అప్‌డేట్: చెక్క ర్యాక్‌లో ఆంప్లిఫైయర్లు వేడెక్కి ఆగిపోయే సమస్య తీరింది

ప్లైవుడ్‌తో చేసుకున్న ర్యాక్ కేసులో రెండు పవర్ ఆంప్లిఫైయర్లు కాసేపటికే ప్రొటెక్ట్‌లోకి వెళ్తున్నాయని, అంటే పాడవకుండా తమంతట తామే ఆగిపోతున్నాయని, ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. వెనక తలుపు తీసి నడిపి చూడమన్న సలహాతోనే అసలు సంగతి తేలింది. వీటి ఫ్యాన్లు ముందు నుంచి గాలి లాగి వెనక్కి వదులుతాయి. ఆ వేడిగాలికి బయటికి దారి లేక, ముందున్న ఖాళీల్లోంచి మళ్ళీ లోపలికే వస్తోంది. వెనక తలుపు స్థానంలో చిల్లుల రేకు బిగించి, ముందు ఖాళీలను బ్లాంక్ ప్యానెళ్ళతో మూసేశాను. ఇప్పుడు గంటలకొద్దీ గట్టిగా మోగించినా ఆగట్లేదు.

రెండు ఆంప్లిఫైయర్ల మధ్య 1యూ (ర్యాక్ ఎత్తును కొలిచే యూనిట్, 44.45 మి.మీ.) ఖాళీ వదిలితే మాత్రం తేడా ఏమీ రాలేదు. స్పీకర్ ఇంపీడెన్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే నిరోధం) కూడా కారణం కాదు, టెక్నీషియన్ కొలిచి చూశాడు. వెనక సపోర్ట్ పట్టీలు కూడా వేశాను. వేడికి వాటితో సంబంధం లేదు గానీ, ర్యాక్ మోసేటప్పుడు ఆంప్లిఫైయర్ల ముందువైపు చెవులు (ర్యాక్‌కి స్క్రూలతో బిగించే అంచులు) వంగడం ఆగింది, అదీ మంచిదే!