నాన్నతో లేహ్ వెళ్తున్నాం, రెండు రోజుల విశ్రాంతి సరిపోతుందా?

జూన్‌లో అమ్మానాన్నలతో లడఖ్‌లోని లేహ్ ప్రయాణం. ఢిల్లీలో విమానం ఎక్కితే గంటన్నరలో 3,500 మీటర్ల ఎత్తున దిగుతాం. నాన్నకి 61, బీపీ మాత్ర వేసుకుంటారు. అదే నా టెన్షన్.

పోయినేడు కేదార్‌నాథ్‌లో, దాదాపు అంతే ఎత్తులో, రాత్రంతా నాకు తలపోటు. కారప్పూస డబ్బా మూత తీస్తే ఆ నూనె వాసనకే కడుపులో తిప్పింది. నాన్న మాత్రం పక్కనే హాయిగా గురకపెట్టారు! కాకపోతే అక్కడికి మెల్లగా నడిచి ఎక్కాం.

ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి మొదటి రెండు రోజులు గదిలోనే ఉంటే చాలా? తర్వాత వెళ్లే నుబ్రా లోయ లేహ్ కంటే కిందే, కానీ దారిలో ఖార్దుంగ్ లా అనే చాలా ఎత్తైన కనుమ దాటాలి. పాంగాంగ్ సరస్సు అయితే 4,200 మీటర్ల పైనే, అక్కడ రాత్రి బస మానుకోమంటారా? మందుల సంగతి డాక్టర్‌నే అడుగుతాం. బీపీ ఉన్న పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు మీకేమైందో చెప్పండి.