శశిరేఖ భారతంలో ఉందా?

మాది బొబ్బిలి. పండక్కి ఇంటిల్లిపాదీ ‘మాయాబజార్’ చూశాం. మాయా శశిరేఖ పీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే చోట మా మామ్మ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఏడో తరగతి మా పాప మాత్రం, “అభిమన్యుడి భార్య ఉత్తర కదా నాన్నా, మరి ఈవిడెవరు?” అంది. అబద్ధం చెప్పలేను, సినిమా మీద దాని ఇష్టం పోగొట్టలేను. ఏం చెప్పాలి?

జవాబు 1, విజయనగరం:
పాప మాట నిజం బాబూ. తిక్కన గారి విరాటపర్వంలో పెళ్లి ఉత్తరతోనే. శశిరేఖ జనం నోట పుట్టిన పిల్ల. 1957లో కె.వి.రెడ్డి గారు ఈ సినిమా తీయకముందే ఆ కథ నాటకంగా ఆడింది, సురభి వాళ్లు ఆడుతూనే ఉన్నారు. పాపను ఒకటి అడగండి: సినిమాలో పాండవులు ఎక్కడున్నారని. అయిదుగురిలో ఒక్కరూ కనపడరు! నేను మాస్టారుగా ఏటా పిల్లల్ని అడిగేవాణ్ని.

జవాబు 2, శ్రీకాకుళం:
మా ఊరి తప్పెటగుళ్లలో కృష్ణుడి కథలు ఎన్నో విన్నాను. అవన్నీ పుస్తకంలో వెతికి చూశామా? రెండూ చెప్పండి అన్నా, పిల్లలకు అర్థమవుతుంది.

మళ్లీ బొబ్బిలి నుంచి:
చెప్పాను మాస్టారూ. పాండవుల కోసం రాత్రి మళ్లీ మొదటి నుంచి పెట్టించింది. మామ్మ కూడా నిద్ర మానేసి కూర్చుంది.