గీజర్ దగ్గర షాక్ కొడుతోంది: తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవాలా, లైసెన్సు ఉన్నవాళ్లనా?

నిజాంపేట్_504
మాది పద్నాలుగేళ్ల నాటి అపార్ట్‌మెంట్. రెండు వారాల క్రితం గీజర్ వేయగానే ఇల్లంతా కరెంటు పోవడం మొదలైంది. మెయిన్ బోర్డులో ఉండే, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతోంది. వాచ్‌మన్‌కి తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చాడు. బాత్రూమ్‌లో పది నిమిషాలు ఏదో చేశాడు, 600 తీసుకున్నాడు. అప్పటినుంచి పడటం లేదు. నిన్న పొద్దున మా ఆవిడ కుళాయి తిప్పితే చెయ్యి జిల్లుమందట. ఆ మనిషికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇప్పుడు యాప్‌లో బుక్ చేయాలా, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాలా, తెలిసినవాళ్లు చెప్పిన మనిషినే పిలవాలా? పని వచ్చినవాడని మీరంతా ఎలా తెలుసుకుంటారు?

చందానగర్_2బీహెచ్‌కే
ముందు ఆ గీజర్ స్విచ్ ఆపి, బోర్డులో దాని ఎంసీబీ (బ్రేకరు స్విచ్) కూడా దించండి. చర్చ తర్వాత.

నిజాంపేట్_504
నిన్ననే దించేశాం. స్టవ్ మీద నీళ్లు కాచుకుంటున్నాం.

వనస్థలి_రిటైర్డ్
నేను ఇరవై రెండేళ్లుగా ఒక్క మనిషినే పిలుస్తున్నాను. మా ఇల్లు కట్టేటప్పుడు స్లాబులో పైపులు వేసింది ఆయనే. ఏ గోడలో ఏ వైరు పోతోందో నాకు తెలియదు, ఆయనకి తెలుసు. యాప్‌లో అయితే ఇవాళ ఒక కుర్రాడు వస్తాడు, రేపు ఇంకొకడు. మీ ఇల్లు ఎవరికీ గుర్తుండదు. నేను చూసేది ఒక్కటే: చేసిన పని చెడితే మళ్లీ మన గుమ్మంలోకి వస్తాడా, రాడా? మీ కాలనీలో పదేళ్లుగా ఉంటున్నవాళ్లని అడగండి.

మియాపూర్_ఇంజనీర్
తెలిసిన మనిషి అంటే మొహం తెలుసని, పని తెలుసని కాదు. 504 గారింటికి వచ్చింది కూడా వాచ్‌మన్‌కి తెలిసిన మనిషే కదా. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు చూడండి. బల్బు, ఫ్యాను, స్విచ్, ఫ్యూజు లాంటివి మార్చుకోవడం వరకే మినహాయింపు. కొత్త లైను లాగాలన్నా, ఉన్న వైరింగ్ మార్చాలన్నా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలి. వైర్‌మన్ పర్మిట్ ఉందా అని అడగడానికి మనకి మొహమాటం ఎందుకు?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. 2019లో బంధువులు చెప్పిన మనిషితో పని చేయించాం. వాషింగ్ మెషీన్‌కి పాయింటు కావాలంటే పక్క గదిలోని ప్లగ్గు నుంచి రెండు వైర్లు లాగి ఇచ్చాడు. మూడోది, ఆకుపచ్చగా ఉండే ఎర్త్ వైరు, లాగనే లేదు. మా నాన్నగారు తడి చేత్తో మెషీన్ ముట్టుకున్నారు. షాక్ కొట్టి పడిపోతే మణికట్టు విరిగింది. తెలిసినవాడు కాబట్టి బిల్లు లేదు, కాగితం లేదు. గట్టిగా అడిగితే ఆ బంధువులే మాతో మాట్లాడటం మానేశారు.

సైనిక్‌పురి_మేడమ్
కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి, వాళ్లే మనిషిని పంపిస్తారు.

చందానగర్_2బీహెచ్‌కే
కరెంటు సరఫరా చేసే డిస్కమ్ వాళ్ల బాధ్యత మీటరు దాకానే మేడమ్. మీటరు దాటాక అంతా మనదే.

వనస్థలి_రిటైర్డ్
మీ నాన్నగారికి అలా జరగడం బాధగా ఉంది. కానీ ఒక్క గీజర్ కోసం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు వస్తాడా? నేను ఇద్దరిని అడిగాను. అపార్ట్‌మెంట్ మొత్తం పనైతే చెప్పమన్నారు. మా మనిషి మల్లేపల్లి ఐటీఐలో రెండేళ్లు చదివాడు, నాకు అది చాలు. సామాను కూడా ఆయన్నే తెమ్మంటాను.

మియాపూర్_ఇంజనీర్
సామాను కూడా ఆయన్నేనా! వైరు కాయిల్ డబ్బాలో కూపన్ ఉంటుంది, తెలుసా మీకు? స్కాన్ చేస్తే ఆయన ఖాతాలో పాయింట్లు పడతాయి. షాపువాడి కమీషన్ దానికి అదనం. ట్రూప్‌బజార్‌కి మనమే వెళ్లి, ఐఎస్ఐ గుర్తు చూసి, బిల్లుతో కొనుక్కోవాలి.

వనస్థలి_రిటైర్డ్
నేనూ ఒకసారి ట్రూప్‌బజార్ వెళ్లాను. ఏసీ పాయింటుకని 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కాయిల్ మోసుకొచ్చాను. "సార్, ఇది లైట్లకి. ఏసీకి 4 కావాలి" అని ఆయనే వెనక్కి తీసుకెళ్లి మార్చుకొచ్చాడు. ఆ కూపన్ ఆయన తీసుకుంటే తీసుకోనివ్వండి.

మియాపూర్_ఇంజనీర్
మీరు తప్పు వైరు తెచ్చినంత మాత్రాన కమీషన్ ఒప్పు అయిపోదు. ఆ కమీషన్ మీ బిల్లులోంచే పోతుంది.

వనస్థలి_రిటైర్డ్
పోనివ్వండి. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే ఎవరొస్తారండీ, మీ లైసెన్సు కాగితం వస్తుందా?

చందానగర్_2బీహెచ్‌కే
కూపన్లు వదిలేయండి. గీజర్ సంగతి చూడండి.

నిజాంపేట్_504
ఆర్‌సీసీబీ మీద "టీ" అని బటన్ ఉంటే నొక్కి చూశాను. టక్కున పడింది. అంటే అది బాగానే ఉన్నట్టు కదా?

కుత్బుల్లాపూర్_మెయింటెనెన్స్
ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తాను కాబట్టి చెప్తున్నా. ఆ బటన్‌తో తెలిసేది ఆర్‌సీసీబీ పడే శక్తి ఉందా లేదా అన్నది ఒక్కటే. మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో అది చెప్పదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకుండా ఇంకోచోటికి పోతుంటే ఆర్‌సీసీబీ పడుతుంది. ఇళ్లలో పెట్టేది మామూలుగా 30 మిల్లీఆంపియర్లది. మీ గీజర్‌లో లీకేజీ ఎర్త్ వైరులోకి పోయినన్నాళ్లూ అది పడింది. ఇప్పుడు పడటం లేదు, కుళాయి మాత్రం జిల్లుమంటోంది. లీకేజీ అలాగే ఉండి ఎర్త్ దారి మూసుకుపోయిందని నా అనుమానం. ఆ 16 ఆంపియర్ల ప్లగ్గు విప్పించి చూడండి. మీరు విప్పకండి.

మియాపూర్_ఇంజనీర్
చూశారా! పర్మిట్ లేనివాడు చేసే పని ఇలాగే ఉంటుంది.

ఉప్పల్_బీటెక్
ఇంతసేపు చదివి ఊరుకున్నాను, ఇక కాదు. మా నాన్న ఎలక్ట్రీషియన్. ఉప్పల్ లేబర్ అడ్డాలో నిలబడి మొదలుపెట్టాడు. ఇక్కడ అందరూ ఎలక్ట్రీషియన్‌ని నమ్మొచ్చా లేదా అనే మాట్లాడుతున్నారు. ఇంటివాళ్లు ఏం అడుగుతారో ఎవరూ చెప్పరేం? "అది ఊరికే పడిపోతోంది, పీకి పారెయ్" అని మా నాన్నతో ఎంతమంది అన్నారో లెక్క లేదు. లీకేజీ ఎక్కడుందో వెతకాలి, గంట పడుతుంది, 500 ఇవ్వమంటే "చూసినందుకు డబ్బులా, ఏం మార్చావని?" అంటారు. ఒకసారి కాప్రాలో ఒకావిడ నాన్నని పంపించేసి ఇంకొకరిని పిలిచింది. ఆ మనిషి పావుగంటలో ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చి వెళ్లాడు. ఆమె దృష్టిలో అతను పని వచ్చినవాడు, మా నాన్న రానివాడు. రిటైర్డ్ సార్, మీ మనిషి రాత్రి పదింటికి వస్తే ఎంత ఇస్తారు? ఇంజనీర్ సార్, లైసెన్సు అడిగారు బాగుంది, లైసెన్సు ఉన్నవాడి రేటు మీరు ఇస్తారా?

వనస్థలి_రిటైర్డ్
రాత్రి వచ్చినా పగటి డబ్బులే ఇచ్చానమ్మా. ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఉప్పల్_బీటెక్
అడగరు సార్. అడిగితే మళ్లీ పిలవరని భయం.

మియాపూర్_ఇంజనీర్
నేను ఇస్తాను. నాకు కావలసింది తక్కువ రేటు కాదు, తప్పు జరిగితే ఎవరిని అడగాలో కాగితం మీద ఉండాలి. మా నాన్న చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

నిజాంపేట్_504
ఒక మాట చెప్పాలి. మొదట రాయలేదు. ఆ మనిషి "గీజర్‌లోనే ఏదో ఉంది సార్, విప్పి చూడాలి" అన్నాడు. ఆఫీసుకి లేటవుతోందని, "ఎలాగో ఒకలా పడకుండా చెయ్యి" అని నేనే అన్నాను.

ఉప్పల్_బీటెక్
చెప్పినందుకు థాంక్స్ సార్.

మియాపూర్_ఇంజనీర్
మీరు అన్నా అతను చేయకూడదు. డాక్టరుని విషం ఇవ్వమంటే ఇస్తాడా?

ఉప్పల్_బీటెక్
డాక్టరు ఇవ్వనంటే అతని పూట గడుస్తుంది సార్.

నిజాంపేట్_504
(రెండు రోజుల తర్వాత) మూడో అంతస్తువాళ్లు చెప్పిన మనిషి వచ్చాడు. ఫోన్‌లోనే అడిగాను, టెస్టర్ కాకుండా ఇంకేం తెస్తారని. మల్టీమీటర్, మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) తెస్తానన్నాడు. వచ్చి మెయిన్ ఆపి, బాత్రూమ్ ప్లగ్గు విప్పి నన్ను పిలిచి చూపించాడు. ఆకుపచ్చ వైరు పిన్నుకి లేదు. దాన్ని కత్తిరించి, వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి గోడ డబ్బాలోకి తోసేశారు. టేపు ఇంకా కొత్తగా మెరుస్తోంది. గీజర్ ఎలిమెంట్‌కి మెగ్గర్ పెడితే ముల్లు దాదాపు సున్నా దగ్గరే నిలబడింది, అంటే లీకేజీ అందులోనే. ఎలిమెంట్ మార్చాడు, ఎర్త్ కలిపాడు, గీజర్ వేసి ప్లగ్గులోనూ కుళాయి దగ్గరా మీటరుతో కొలిచాడు. ఎలిమెంట్ నేనే కొన్నాను. ఆయనకి పనికి 700, వెతికినందుకు 500 ఇచ్చాను. బిల్లు అడిగితే షాపు పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు.

మియాపూర్_ఇంజనీర్
పర్మిట్ ఉందా?

నిజాంపేట్_504
అడిగాను. లేదన్నాడు. పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నానన్నాడు.

మియాపూర్_ఇంజనీర్
అయితే నా అభ్యంతరం అలాగే ఉంది.

వనస్థలి_రిటైర్డ్
ఉండనివ్వండి. 504 గారూ, మొదటి మనిషి ఫోన్ ఎత్తాడా?

నిజాంపేట్_504
ఎత్తలేదు. గేటు దగ్గర కనిపిస్తే నేనే ఆపి చెప్పాను, ఆ మాట నాదేనని. ఇంకోచోట మాత్రం అలా కత్తిరించకు అన్నాను. సరే సార్ అన్నాడు.